అతని ఏడుపు విన్నాం... ఆమె మాట ఏదీ?

పోయిన వారం ఈ పేజీ చివర, ఈసారి మంచి హుషారైన డాన్సు పాటల సంగతులు చెప్తానని మాటిచ్చాను. ఆ మాట తప్పుతున్నాను. తిట్టుకోకండి! కారణం ఒక ఉత్తరం.

నాలుగు పేజీల ఉత్తరమది. రాసిన కుర్రాడి పేరూ ఊరూ చెప్పను. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మూడేళ్ళుగా ఒకమ్మాయిని ప్రేమిస్తున్నాడు. ఆ అమ్మాయి కాదంది. ఒకసారి చెబితే అర్థం కాలేదేమోనని మూడుసార్లు చెప్పింది. అయినా మనవాడు వదల్లేదు. ఆమె ఎక్కే బస్సే ఎక్కుతున్నాడు. ఆమె చేరిన ట్యూషన్‌లోనే చేరాడు. పుట్టినరోజుకి వాళ్ళింటి గేటుకి గులాబీలు కట్టొచ్చాడు. "నాది మామూలు ప్రేమ కాదు మాస్టారూ! ఇలాంటి ప్రేమ మీద వచ్చిన పాటలు, ఏ భాషవైనా సరే, చెప్పండి. రాత్రిళ్ళు వింటాను" అని రాశాడు.

ఇలాంటి ఉత్తరాలు మన పేజీకి కొత్తేం కాదు. కానీ సంతకం పెట్టేశాక, దాని కింద మళ్ళీ ఒక వాక్యం రాశాడు: "తను ఇంకొకడి పక్కన కనిపిస్తే మాత్రం ఏం చేస్తానో నాకే తెలీదు."

ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ రాత్రి డాన్సు పాటలు పక్కన పెట్టి ఒక పాత ఎల్పీ బయటికి తీశాను.

తమ్ముడూ, నువ్వడిగిన పాటలు నా దగ్గరున్నాయి. ఒకటీ అరా కాదు, రికార్డు నిండా ఉన్నాయి. రెండు వైపులా కలిపి అరగంట పైచిలుకు. కాకపోతే ఒక షరతు! మధ్యలో ఎక్కడా ఆపకుండా, మొదటి పాట నుంచి చివరి పాటదాకా వరసగా వినాలి. మిగతా మిత్రులూ రండి, అందరం కలిసే విందాం.

ఎవరీ విల్లీ నెల్సన్?

రికార్డు పేరు "రెడ్ హెడెడ్ స్ట్రేంజర్". అంటే ఎర్రజుట్టు అపరిచితుడన్నమాట. 1975లో కొలంబియా కంపెనీ విడుదల చేసింది. పాడినవాడు విల్లీ నెల్సన్.

ఈ పేరు కొత్తగా వినేవాళ్ళకి రెండు ముక్కలు చెప్తాను. అమెరికా దక్షిణాది పల్లెల్లో పుట్టిన సంగీతాన్ని కంట్రీ అంటారు. గిటారు, ఫిడేలు, తేలికైన మాటలు. పొలాలు, రైళ్ళు, మందు, దేవుడు, విడిపోయిన జంటలు... ఇవే దాని సబ్జెక్టులు. నెల్సన్ ఆ మట్టిలోంచే వచ్చాడు. 1933లో టెక్సస్ రాష్ట్రంలో ఆబట్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తాతా నాయనమ్మా పెంచారు. చిన్నప్పుడు పత్తి ఏరాడు. పెద్దయ్యాక రేడియోలో అనౌన్సరుగా చేశాడు. ఇంటింటికీ తిరిగి బైబిళ్ళూ, విజ్ఞాన సర్వస్వాలూ అమ్మాడు. 1960లో కంట్రీ సంగీతానికి రాజధాని లాంటి నాష్‌విల్‌కి చేరాడు. మన సినిమావాళ్ళు మద్రాసు రైలెక్కినట్టు!

అక్కడ పాటలు రాసేవాడిగా పేరొచ్చింది. 1961లో పాట్సీ క్లైన్ పాడిన "క్రేజీ" ఇతను రాసిందే. అంత పెద్ద హిట్ రాసినా, గాయకుడిగా మాత్రం ఇతన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే ఇతను తాళం మీద నడవడు. ఒకోసారి తాళానికి ముందు, ఒకోసారి వెనక, తోటలో షికారు చేస్తున్నట్టు పాడతాడు. కంపెనీవాళ్ళు ఆ గొంతు చుట్టూ వయొలిన్లూ కోరస్సులూ పేర్చి సరిచేయాలని చూశారు. లాభం లేకపోయింది. 1970ల మొదట్లో ఆయన నాష్‌విల్‌కి దణ్ణం పెట్టి టెక్సస్ వెళ్ళిపోయాడు. జుట్టు పెంచాడు, గడ్డం పెంచాడు, తనకి నచ్చినట్టు పాడటం మొదలుపెట్టాడు.

సినిమా సమీక్షకురాలి పాట

ఇప్పుడు మన పత్రిక పాఠకులకి నచ్చే సంగతి ఒకటి చెప్తాను. ఈ రికార్డుకి పేరిచ్చిన "రెడ్ హెడెడ్ స్ట్రేంజర్" పాట నెల్సన్ రాసింది కాదు. దాని మాటలు ఈడిత్ లిండెమన్ అనే ఆవిడవి. ఆవిడెవరో తెలుసా? వర్జీనియాలో రిచ్‌మండ్ పట్నపు దినపత్రికలో సినిమా సమీక్షకురాలు! బాణీ కట్టినాయన కార్ల్ స్టట్జ్. ఈ జంటే రాసిన ఇంకో పాట "లిటిల్ థింగ్స్ మీన్ ఎ లాట్" 1954లో కిటీ కాలన్ గొంతులో అమెరికాని ఊపేసింది. ఖరీదైన కానుకలక్కర్లేదు, చిన్న చిన్న పలకరింపులే ప్రేమ అని చెప్పే పాట అది. అదే కలం ఈ ఎర్రజుట్టువాడి కథ కూడా రాసింది. చిత్రంగా లేదూ?

నెల్సన్ రేడియోలో పనిచేసే రోజుల్లో ఈ పాట వేస్తూ ఉండేవాడు. తర్వాత తన పిల్లలకి జోలపాటగా పాడేవాడు. రెండు దశాబ్దాలు ఆ కథ ఇంట్లో జోలపాటగానే ఉండిపోయింది. ఒకసారి కొలరాడోలో సెలవులు గడిపి కారులో టెక్సస్ తిరిగొస్తుంటే, కొత్త రికార్డుకి ఏం చెయ్యాలన్న మాటొచ్చింది. "పిల్లలకి పాడే ఆ ఎర్రజుట్టువాడి కథ చెయ్యకూడదూ?" అని భార్య కానీ గుర్తుచేసింది. అంతే! దారిలోనే అల్లిక మొదలైంది. ఆ పాటకి ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది అని ఆలోచించి, కొన్ని తను రాసి, కొన్ని పాత పాటలు ఏరి తెచ్చి ఒక కథగా కట్టాడు. చెప్పాలంటే ఇది రికార్డు మీద తీసిన సినిమా.

1975 జనవరిలో గార్లండ్ అనే ఊళ్ళో, ఒక కొత్త స్టూడియోలో రికార్డింగ్ జరిగింది. గార్లండ్ డాలస్ పక్కనే ఉంటుంది. అవును, ఇప్పుడు మన తెలుగువాళ్ళు వేల కుటుంబాలు కాపురముంటున్న ఆ డాలసే! ఖర్చు నాలుగు వేల డాలర్లు మాత్రమే అయిందని చెప్తారు. అరిగి చిల్లు పడ్డ తన పాత గిటారు, అక్క బాబీ నెల్సన్ పియానో, మికీ రఫాయెల్ మౌతార్గన్, వినీ వినబడనట్టు డ్రమ్ము... దాదాపు అంతే. కంపెనీ పెద్దలు విని, "ఇది మచ్చుకి చేసింది కదా, అసలుది ఎప్పుడిస్తారు?" అన్నారట. అసలుది అదేనని తెలిసి నోళ్ళు వెళ్ళబెట్టారు. కానీ నెల్సన్ తన ఇష్టప్రకారం రికార్డు చేసుకునే హక్కు ఒప్పందంలోనే రాయించుకున్నాడు. చివరికి అలాగే విడుదల చేశారు. కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళింది!

సరే, ముల్లు పెడుతున్నాను. వినండి.

కథ ఇదీ

1901వ సంవత్సరం. ఒక బోధకుడు. అంటే చర్చిలో దేవుడి మాట చెప్పేవాడు. భార్యంటే ప్రాణం. ఆమె అతన్ని వదిలి పాత ప్రియుడి దగ్గరికి వెళ్ళిపోయింది. బోధకుడు ఏడ్చాడు, అరిచాడు, మతి తప్పాడు. గుర్రానికి జీను వేశాడు. ఇది "టైమ్ ఆఫ్ ది ప్రీచర్" పాట. మన సినిమాల్లో హీరోకి థీమ్ మ్యూజిక్ ఉన్నట్టే, ఈ బాణీ మొదటి వైపున మూడుసార్లు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఒక మెట్టు దిగుతున్నట్టుంటుంది.

తర్వాత ఒక సారా దుకాణం. అక్కడ ఆ జంట కనిపించింది. రెండు నిమిషాలు కూడా పట్టని పాటలో ఇద్దరూ చచ్చిపోయారు. తుపాకీ మోత లేదు. రీరికార్డింగ్‌లో పెద్ద డమడమలు లేవు. అదే మెత్తటి గొంతు, అదే గిటారు. "పొద్దున్నే వర్షం పడింది" అని చెప్పినంత మామూలుగా చెప్పేస్తాడు. వింటున్న మనకి ఒక క్షణం ఆగితేగానీ అర్థం కాదు... అయ్యో, చంపేశాడు!

సరిగ్గా ఆ హత్య తర్వాతే వస్తుంది, "బ్లూ ఐస్ క్రయింగ్ ఇన్ ది రెయిన్".

పాట మారలేదు, చోటు మారింది

ఈ పాట సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. ఇది 1940లలో ఫ్రెడ్ రోజ్ అనే ఆయన రాసిన పాత పాట. రాయ్ ఏకఫ్ లాంటి పెద్దలు అప్పట్లోనే పాడేశారు. విడిపోయిన ప్రేయసిని ముసలితనంలో తలుచుకుని, పై లోకంలోనైనా కలుస్తామని ఆశపడే పాట. విడిగా వింటే మనసు కరిగిపోతుంది. నెల్సన్‌కి గాయకుడిగా తొలి నంబర్ వన్ ఇదే. 1975 అక్టోబరులో కంట్రీ పాటల్లో మొదటి స్థానంలో నిలిచింది, గ్రామీ బహుమతి తెచ్చింది. ఎల్విస్ ప్రెస్లీ కూడా దీన్ని రికార్డు చేశాడు. 1977లో చనిపోయే ముందు, ఆ తెల్లవారుజామున పియానో దగ్గర కూర్చుని పాడుకున్న పాటల్లో ఇదొకటని అంటారు.

ఇంత మంచి పాటని నెల్సన్ ఎక్కడ పెట్టాడో చూశారా? హత్యకి పక్కనే! ఇప్పుడు మళ్ళీ వినండి. వానలో ఏడ్చిన ఆ నీలికళ్ళు ఎవరివి? చచ్చిపోయిన భార్యవి. విడిపోయాం అంటున్నవాడు ఎవరు? చంపినవాడు. పై లోకంలో కలుద్దామంటున్నది ఎవరు? పంపించినవాడే!

పాట అదే. దాని చోటు మారిందంతే. సినిమాలో ఎడిటింగ్ ఎంత పని చేస్తుందో తెలిసిన మీకు ఇది నేను విడమర్చి చెప్పక్కర్లేదు. నవ్వుతున్న మొహం తర్వాత పసిపాప షాట్ వేస్తే ఒక అర్థం, శవం షాట్ వేస్తే ఇంకో అర్థం.

ఇప్పుడు నా తప్పు ఒప్పుకోవాలి. మొదటిసారి ఈ రికార్డు ఒక మిత్రుడి గదిలో విన్నాను. నేనూ మీ వయసువాణ్ణే అప్పుడు. ఈ పాట దగ్గర నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పాపం, ఎంత ప్రేమించాడో!" అనుకున్నాను. రెండు నిమిషాల ముందు అతను ఏం చేశాడో పూర్తిగా మరిచిపోయాను! ఆ ట్యూను నన్నలా మరిపించింది. చంపినవాడి దుఃఖం అంత తియ్యగా ఉంటే చచ్చినవాళ్ళు ఎవరికి గుర్తుంటారు చెప్పండి?

ఒక గుర్రం, ఒక ప్రాణం

కథ అక్కడితో ఆగలేదు. మన సమీక్షకురాలు రాసిన అసలు పాట ఇప్పుడొస్తుంది. ఎర్రజుట్టువాడు నల్లగుర్రమెక్కి ఊళ్ళు తిరుగుతున్నాడు. వెనక ఇంకో గుర్రాన్ని నడిపించుకుపోతున్నాడు. అది చనిపోయిన భార్య గుర్రం. మనిషిని ఉంచుకోలేకపోయాడు, గుర్రాన్ని వదల్లేకపోతున్నాడు. ఒక ఊళ్ళో పసుపు జుట్టు ఆడది ఆ గుర్రం మీద కన్నేసింది. ఇతని వెనకే వెళ్ళి గుర్రాన్ని పట్టుకోబోయింది. కాల్చేశాడు. చచ్చిపోయింది. సాయంత్రానికల్లా ఆమెని పూడ్చేశారు. అతన్ని వదిలేశారు. ఎందుకటా? గుర్రం దొంగిలించబోయిన ఆడదాన్ని చంపితే ఉరి తియ్యరట!

ఆ పాట చివర ఏ వ్యాఖ్యానమూ లేదు. "చూశారా, ఎంత అన్యాయమో!" అని పాడినవాడు అనడు. అలా చెప్పేసి ఊరుకుంటాడు. తర్వాత మళ్ళీ ఒకసారి థీమ్. ఆపైన పియానో మీద "జస్ట్ యాజ్ ఐ యామ్" అనే కీర్తన. మాటలుండవు, వాయిద్యమే. ప్రార్థన సభల్లో పాపులని ముందుకు రమ్మని పిలిచేటప్పుడు పాడే కీర్తన అది. చర్చికెళ్ళే మిత్రులకి బాగా తెలుసు. మూడు శవాలు లేచాక, హంతకుడైన బోధకుడి చెవిలో ఆ కీర్తన! మొదటి వైపు అక్కడ అయిపోతుంది.

రికార్డు తిప్పి రెండో వైపు వేస్తే అంతా వెలుతురు. డెన్వర్ పట్నం. వాల్ట్‌జ్ నాట్యం. హుషారు పియానో. కొత్త స్త్రీ పరిచయం. ఆమె చేతుల్లో తల పెట్టుకుని నిద్రపోవాలన్న కోరిక. "హ్యాండ్స్ ఆన్ ది వీల్" అనే పాటకొచ్చేసరికి అతనికి శాంతి దొరికింది. మనిషి మారాడు. చివర్లో గిటారు నెమ్మదిగా వినిపిస్తూ ఆగిపోతుంది.

ఏమంటారు? ఎర్రజుట్టువాడికి రికార్డు రెండో వైపుంది. ఆ ముగ్గురికీ?

ముందు సంవత్సరం రికార్డు

ఇలాంటి కథలు కంట్రీకి కొత్త కాదు. ప్రియురాల్ని ఏటి ఒడ్డుకి తీసికెళ్ళి చంపేసే పాటలు ఆ సంప్రదాయంలో బోలెడున్నాయి. 1958లో కింగ్‌స్టన్ ట్రయో పాడిన "టామ్ డూలీ" పిల్లలు కూడా కూనిరాగం తీసేంత హిట్. దాని వెనక నిజంగానే ఒక హత్యుంది. 1866లో నార్త్ కరొలైనాలో లారా ఫాస్టర్ అనే అమ్మాయిని చంపారు. ఆ నేరానికి టామ్ డూలా అనే అతన్ని 1868లో ఉరి తీశారు. పాట పేరు ఎవరిది? టామ్‌ది. తల వేలాడేసిన అతని మీదే అందరికీ జాలి. లారా ఎలా నవ్వేదో, ఏం మాట్లాడేదో పాటకి అక్కర్లేదు.

నెల్సన్ కూడా 1960లలో ఒక పాట రాశాడు. "ఐ జస్ట్ కాంట్ లెట్ యూ సే గుడ్‌బై" అని. వెళ్ళిపోతానన్న ప్రియురాలి గొంతు పట్టుకున్నవాడి పాట. వెళ్ళొస్తానన్న మాట ఆమెని అననివ్వడు. ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం. ఆమె మాట గొంతులోనే ఆగిపోయింది!

అలాగని నెల్సన్‌కి ఆడవాళ్ళ మాట వినిపించదనుకుంటే పొరపాటు. ఎర్రజుట్టువాడికి సరిగ్గా ఏడాది ముందు, 1974లో, ఆయన "ఫేజెస్ అండ్ స్టేజెస్" అని ఇంకో రికార్డు తెచ్చాడు. అదీ విడిపోయిన జంట కథే. అయితే అందులో మొదటి వైపు మొత్తం భార్య కథ! విసుగెత్తి ఇల్లు వదిలిన ఆమె, పుట్టింటికి చేరిన ఆమె, మళ్ళీ నవ్వడం నేర్చుకున్న ఆమె. రెండో వైపు మొగుడి కథ. అతనూ బాధపడతాడు, తాగుతాడు, కుళ్ళి కుళ్ళి ఏడుస్తాడు. కానీ ఎవరూ చావరు! 

నిన్న రాత్రి రెండు రికార్డులూ ఒకదాని తర్వాత ఒకటి వేసి విన్నాను. అప్పుడు తట్టింది. రెండింట్లోనూ మొగుణ్ణి వదిలిపోయిన భార్యే. రాసి కూర్చినవాడూ ఒక్కడే. మొదటి రికార్డులో ఆమెకి సగం కథ ఉంది. రెండోదానిలో ఆమెకి ఒక్క మాట కూడా లేదు. ఆమె ఎందుకు వెళ్ళిందో మనకి తెలీదు. పేరేమిటో తెలీదు. ఆ బోధకుడు ఇంట్లో ఎలా ఉండేవాడో తెలీదు. ఆ రికార్డంతా మనం అతని తలలోనే కూర్చుని ఉంటాం. వాయిద్యాలు అంత తక్కువగా ఉన్నది అందుకేనేమో! అతని ఊపిరి తప్ప ఇంకే చప్పుడూ అక్కడికి చేరదు.

అతిప్రేమ అంటే ఇదేనని నాకనిపిస్తుంది. అది ఎక్కువైన ప్రేమ కాదు. అవతలి మనిషి మాట వినబడకుండా పోయిన ప్రేమ. పేపర్లవాళ్ళు ఇలాంటివాణ్ణి "ప్రేమోన్మాది" అని రాస్తారు చూడండి, ఆ మాట నాకు నచ్చదు. ఉన్మాదానికి ముందు ప్రేమని కూర్చోబెట్టి, నేరానికి పూలదండ వేసినట్టుంటుంది.

మన దేవదాసు సంగతేంటి అంటారు కొందరు. 1953 నుంచీ మనం ఆయనతో కలిసి ఏడుస్తున్నాం, నిజమే. ఆయన తనని తాను తాగుడుకి బలిచ్చుకున్నాడు. అదీ మంచిదని నేననను. కానీ చివరికి పార్వతి గుమ్మం ముందు పడి ప్రాణం విడిచాడే తప్ప, తుపాకీ పట్టుకుని ఆ గుమ్మానికి వెళ్ళలేదు. ఆ తేడా చిన్నది కాదు.

వెండితెర మీద

అన్నట్టు, ఈ రికార్డు సినిమాగా కూడా వచ్చింది. అదే పేరుతో, 1986లో. విలియం విట్‌లిఫ్ దర్శకుడు. నెల్సనే బోధకుడి వేషం వేశాడు. భార్యగా మార్గన్ ఫెయిర్‌చైల్డ్, తర్వాత అతనికి ఎదురయ్యే స్త్రీగా క్యాథరిన్ రాస్ నటించారు. టెక్సస్‌లో నెల్సన్ సొంత స్థలంలో ఒక పాత కాలపు ఊరి సెట్టు వేశారు. షూటింగ్ అయ్యాక దాన్ని ఉంచేసి "లక్" అని పేరు పెట్టుకున్నాడాయన. తర్వాత అక్కడ పాటల పండగలు కూడా జరిగాయి.

రికార్డుకొచ్చినంత పేరు సినిమాకి రాలేదు. కారణాలు చాలా ఉండొచ్చు. నాకు తోచింది ఒకటి చెప్తాను. రికార్డు వింటున్నప్పుడు భార్య మనకి కనబడదు. తెర మీద కనబడాల్సిందే కదా! ఆమెకి ముఖం వచ్చింది, పేరు వచ్చింది, కళ్ళు వచ్చాయి. తుపాకీ ఎత్తినప్పుడు ఆ కళ్ళు మనవైపు చూస్తాయి. అప్పుడు హీరోని ముద్దు చెయ్యడం అంత తేలిక కాదు.

అయితే ఈ రికార్డు వినొద్దా? వినాలి! అందుకే మీకు చెప్తున్నాను. 2009 సంవత్సరానికి అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం జాతి దాచుకోవలసిన రికార్డుల జాబితాలో దీన్ని చేర్చింది. తప్పులేదు. నాలుగు వాయిద్యాలతో ఒక మనిషి పతనం ఇంత స్పష్టంగా చూపించిన రికార్డులు అరుదు. నెల్సన్ ఎక్కడా ఆ బోధకుణ్ణి భుజం తట్టలేదు. తిట్టనూ లేదు. తీర్పు మనకి వదిలేశాడు. 2023లో ఆయనకి తొంభై ఏళ్ళు నిండితే, లాస్ ఏంజెలెస్‌లో రెండు రోజులు పెద్ద పండగ చేశారు. అంతటి మనిషి వదిలిన ప్రశ్నకి మనం జవాబు చెప్పుకోకపోతే ఎలా?

ఇక తమ్ముడికి...

తమ్ముడూ, ఇంతసేపూ నీకోసమే ఈ సోదంతా. నీ నాలుగు పేజీల ఉత్తరం మళ్ళీ చదివాను. నీ నిద్ర పట్టని రాత్రులున్నాయి. నీ కన్నీళ్ళున్నాయి. నువ్వు కొన్న గులాబీల ఖరీదు కూడా ఉంది. ఆమె ఏం చదువుతుందో లేదు. ఏం కావాలనుకుంటుందో లేదు. ఆమె నీతో అన్న మాట మొత్తం ఉత్తరంలో ఒక్కటే ఉంది. "కాదు." ఆ ఒక్క మాటే నీకు వినబడలేదు.

నువ్వు చెడ్డవాడివని నేననడం లేదు. ఎర్రజుట్టువాడు కూడా మొదటి పాటలో చెడ్డవాడు కాదు. దేవుడి మాట చెప్పేవాడే! గుర్రానికి జీను వేసేదాకా అతను మనలాంటివాడే. "ఏం చేస్తానో నాకే తెలీదు" అని నువ్వు రాశావు చూడు, జీను వెయ్యడమంటే అదే.

నీకు తెలీకపోతే ఎలా? తెలుసుకో. ముందు ఆ బస్సు మానెయ్. వేరే ట్యూషన్‌లో చేరు. మీ ఇంట్లో అన్నయ్యో బాబాయో, మనసిచ్చి మాట్లాడే పెద్దవాళ్ళు ఒక్కరైనా ఉంటారు. ఈ పేజీ వాళ్ళకి చూపించి, ఆ ఉత్తరంలో రాసిందంతా చెప్పు. ముఖ్యంగా ఆ ఆఖరి వాక్యం. నవ్వుతారనుకోకు, నవ్వరు. రాత్రుళ్ళు మరీ తట్టుకోలేకపోతే డాక్టరు దగ్గరికెళ్ళు, అందులో సిగ్గేం లేదు.

ఇక పాట కావాలంటావా? ఎర్రజుట్టువాడికి ముందే, 1974లో, అదే కంట్రీ సంగీతంలో డాలీ పార్టన్ ఒక పాట విడుదల చేసింది. "ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ." 1992లో "ది బాడీగార్డ్" సినిమాలో విట్నీ హ్యూస్టన్ పాడాక ప్రపంచమంతా మారుమోగింది. మీరంతా వినే ఉంటారు. కానీ డాలీ స్వయంగా పాడింది వినండి. అందులో అరుపు లేదు. తనని పైకి తెచ్చిన పోర్టర్ వాగనర్ బృందం నుంచి విడిపోయేటప్పుడు, ఆయనకి వీడ్కోలుగా రాసుకున్న పాట అది. నీకు మంచి జరగాలి, నేను వెళ్తున్నాను అనే పాట. ప్రేమ ఉంది, పట్టు లేదు. అదీ ఏడిపిస్తుంది. కానీ విన్నాక ఎవరి గుమ్మం ముందూ నిలబడాలనిపించదు.

చెల్లెళ్ళకీ ఒక మాట. ఇలాంటి గులాబీలు మీ గేటుకి ఎవరైనా కడుతుంటే, "సినిమాలోలా ఉందే!" అని స్నేహితురాళ్ళు మురిసిపోయినా సరే, ఇంట్లో చెప్పండి. దాచుకోకండి.

తమ్ముడూ, పదిహేను రోజుల్లో నీ దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం రావాలి. నాలుగు పేజీలక్కర్లేదు. బస్సు మారావని ఒక్క ముక్క రాస్తే చాలు. చూస్తుంటాను.

డాన్సు పాటల బాకీ వచ్చే వారం తప్పకుండా తీర్చేస్తాను. ఈసారి ఒట్టు! ఉంటాను మరి.